‘బై నౌ’ బటన్‌కు ఒక కౌలుదారు ఉత్తరం

‘బై నౌ’ బటనన్నకు,

నల్లగొండ నుంచి నమస్తే. నువ్వు పచ్చగ, నిగనిగలాడుకుంట మంచిగనే ఉన్నవనుకుంట. నేనే బాగలేను. మూడేండ్ల కింద నీ నెత్తి మీద ఒక్క వేలు పెట్టి 1,999 రూపాయలకు కొన్న ఫుట్‌బాల్ వీడియో గేమ్ పోయిన నెల మాయమైంది. ఇంట్ల దొంగలు పడలే. కంపెనోళ్లే మెయిల్ పెట్టిండ్రు, సర్వర్లు బంద్ చేస్తున్నం, ఇన్నాళ్లు మీరిచ్చిన సహకారానికి ధన్యవాదాలని. నేనెప్పుడు సహకరించిన్నో నాకైతే యాదికి లేదు.

ఊకోక పోయి మా నాయినకు చెప్పిన. మూడెకరాల పట్టా కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టు చెప్పులరిగేదాక తిరిగిన మనిషి. భూముల లెక్కలకు ధరణి పోర్టల్ వచ్చుడు చూసిండు, అది పోయి భూభారతి వచ్చుడు చూసిండు. ఆటల సంగతి ఆయనకు తెల్వదు గని, కొనుడు అంటే ఏందో నీ కంటె ఎక్కువనే తెలుసు.

“కొన్న కాయిదం ఏది?” అన్నడు.

“కాయిదం ఉండదు నాయినా. ఖాతాల ఉంటది.”

“ఖాతా ఎవరి పేరు మీదుంది?”

“నా పేరు మీదనే. గని ఖాతా వాళ్లది.”

కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. “మల్ల అమ్ముకోనిస్తరా?”

“ఇయ్యరు.”

“తమ్మునికి రాసియ్యొస్తదా? నీ తర్వాత పిల్లలకు?”

“రాదు. నాతోనే పోతది.” నాకంటె ముందే పోయిందని మల్ల యాదికొచ్చింది.

ఆట కొన్నప్పటి అగ్రిమెంటు తీసి చదివి వినిపించిన, అమ్మకం కాదు లైసెన్సేనని ఉన్నది. నేను ‘ఒప్పుకుంటున్న’ అని నొక్కుడే గని చదువుడు అదే మొదటిసారి. లైసెన్స్ అంటే ఏందిరా అన్నడు. వాడుకోనిస్తరు, వాళ్లకు బుద్ధి పుట్టినప్పుడు వాపసు తీస్కుంటరు అన్న.

“అంటే కౌలు. కౌలు జాగకు అమ్మకం రేటు కట్టినవా?”

దీనికి జవాబు నువ్వే చెప్పాలె అన్నా. నాకైతే నోరు రాలే.

అసలు నాయిన కౌలన్నది కూడ నీకు గౌరవమే. మా దిక్కు 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారును ఊరికెనే ఎల్లగొట్టొద్దన్నది. తర్వాత 38-ఇ సర్టిఫికెటని ఒకటి పెట్టి, దున్నినోని పేరు మీదికే భూమి మార్పించింది. మూడేండ్లు పొద్దుమాపు దున్నిన నాకు 38-ఇ ఏది?

కాలేజీ రోజులల్ల గడియారం కాడ ఆటల సీడీలు కొనేటోన్ని. గీతలు పడితే టూత్‌పేస్ట్ పెట్టి రుద్దుడు, మిర్యాలగూడ దోస్తుకిచ్చుడు, వాడు ఆర్నెల్లకు డబ్బ లేకుండ సీడీ ఒక్కటే తెచ్చిచ్చుడు. అవి దొంగ సీడీలే, ఒప్పుకుంట. గని విచిత్రం చూడు: దొంగగ కొన్నది అల్మారిల ఇప్పటికీ నడుస్తుంది, దొర లెక్క కొన్నది గాలిల కలిసింది.

ఇదంత నా ఒక్కని గాచారమే అనుకుందునా అంటే కాదు. 2014ల వచ్చిన ‘ది క్రూ’ అనే కార్ల ఆటకు దాని కంపెనీ ఉబిసాఫ్ట్ 2024 మార్చి 31న సర్వర్లు ఆపింది. ఒక్కలే కూసోని ఆడుకునే ఆట కూడ దాంతోనే పోయింది. అటెనుక కొన్నోళ్ల లైసెన్సులు కూడ గుంజుకున్నరు. దాని మీదనే రాస్ స్కాట్ అనే యూట్యూబరాయన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ (ఆటలను చంపుడు ఆపుండ్రి) అని ఉద్యమం లేపిండు. యూరప్‌ల ఆ అర్జీకి 10 లక్షలు దాటి సంతకాలు పడ్డయి. ఆయన సర్వర్లు కలకాలం నడపమంటలేడు, బంద్ చేసి పోయేటప్పుడు ఆడుకునే తొవ్వ ఒకటి ఉంచి పొమ్మంటుండు. ఇల్లు ఖాళీ చేసేటోడు తాళంచెవి ఇచ్చి పోడా?

కాలిఫోర్నియాల నీ ఇజ్జత్ ఇప్పటికే పోయింది. 2025 జనవరి 1 సంది నీ మొఖం మీద ‘బై’ అని రాసుకోవాల్నంటె, ఇది ఉత్త లైసెన్సేనని సాఫ్‌గ చెప్పాలెనని అక్కడ చట్టం తెచ్చిండ్రు. ఆన్‌లైన్‌ల ఆటలమ్మే స్టీమోళ్లు 2024 అక్టోబర్‌లనే పైసలు కట్టే కాడ ఆ ముక్క అంటించిండ్రు. అందరూ నీ అసొంటోళ్లే అని కూడ అనను. జీఓజీ అనే ఆన్‌లైన్ దుక్నం ఆట ఎక్కించుకునే ఇన్‌స్టాలర్ ఫైలు చేతిలనే పెడతది, పెన్‌డ్రైవ్‌ల వేసి ఇనుప్పెట్టెల దాసుకోవచ్చు.

మన తాన 2019 వినియోగదారుల చట్టం ఉంది. సరైన కారణం లేకుండ ఒక్క పక్షమే ఒప్పందం తెంపుకునే షరతు పెడితే అది అన్యాయపు ఒప్పందమంటది. సంబురపడ్డ. తీరా చూస్తె ఆ ఫిర్యాదు మా జిల్లా కమిషన్‌ల తీస్కోరు, హైదరాబాద్‌ల రాష్ట్ర కమిషన్‌కే పోవాలె. 1,999 రూపాయల ఆట కోసం వకీలు ఫీజు, బస్సు కిరాయి, దిల్‌సుఖ్‌నగర్ కాడ చాయ్ లెక్కేసిన. కాయిదం మడిచి జేబుల పెట్టుకున్న.

నీ మీద కోపం లేదు. మొఖం మీద రాత ఒక్కటి మార్చుకో. ‘కౌలుకు తీస్కో’ అని రాసుకుంటె, పంట రాని ఏడు ఎంత తగ్గిస్తవని మా నాయినే వచ్చి బేరమాడతడు.

ఉత్తరం ఆడికే ముగిద్దామనుకున్న. గని రాత్రి పన్నెండింటికి సేల్ పెట్టిండ్రు, 75 శాతం తగ్గింపు. నిన్ను మల్ల నొక్కిన. నాయినకు తెల్వనియ్యకు.

ఇట్లు,
నీ పాత కౌలుదారు,
నల్లగొండ