మందు కొట్టని నాలుగు సాళ్లు

నర్సంపేట దారిలో పోతుంటే మిరప తోటల పక్కన ఫ్లెక్సీలు కనబడుతుంటాయి. ఒక ముక్కకు 'మందు వాడిన తోట' అని, ఇంకో ముక్కకు 'వాడని తోట' అని. మొదటిది నిండుగా, నల్లబారిన పచ్చదనంతో ఉంటుంది. రెండోది ఆకు ముడుచుకుని వెలవెలబోతుంటుంది. షామియానా, కుర్చీలు, మధ్యాహ్నం భోజనం. పొద్దు గూకేలోపు ఫొటోలు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. దీన్ని ప్రదర్శన అంటే నాకు పేచీ లేదు. మైకులో ప్రయోగం అంటున్నారు, పేచీ అక్కడే.

అలాంటి ఒక తోటలో రెండు ముక్కలనూ నడిచి చూశాను. మందు కొట్టిన ముక్క బోరు పక్కన, రేగడిలో ఉంది. కొట్టని ముక్క గట్టు దిగితే వచ్చే చెలక. పైగా దాన్ని పది రోజులు ఆలస్యంగా నాటారట, ఆ మాట అడిగితే గాని చెప్పలేదు. ఇక ఆ పచ్చదనంలో మందు వాటా ఎంత, నీటి వాటా ఎంత, నేల వాటా ఎంత? మందు మంచిదే కావచ్చు. కానీ డబ్బాలో వట్టి నీళ్లు పోసి కొట్టినా ఆ రెండు ముక్కలు దాదాపు అలాగే కనబడేవి. ఏ ప్రయోగాన్ని చూసినా నేను ముందు వేసుకునే ప్రశ్న ఇదొక్కటే: ఇది మందు కాక నీళ్లే అయితే, ఇక్కడ కనబడేది వేరుగా ఉండేదా?

మందులమ్మే మనిషి ప్రయోగం చేయకూడదని దీని అర్థం కాదు. ఇంగ్లండులో జాన్ బెనెట్ లాస్ ఎరువుల వ్యాపారే. 1842లో సూపర్ ఫాస్ఫేట్ తయారీకి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది రోథమ్‌స్టెడ్‌లోని తన సొంత భూమిలో, బ్రాడ్‌బాక్ అనే పొలంలో గోధుమ మీద పరీక్షలు మొదలుపెట్టాడు. రకరకాల ఎరువులు వేసిన మడుల మధ్య ఒక పట్టీకి మాత్రం ఏ ఎరువూ వేయలేదు. ఆ పట్టీకి ఈనాటికీ వేయలేదు. 180 ఏళ్లు దాటినా అక్కడ హెక్టారుకు టన్ను అటూఇటూగా, అంటే మన లెక్కలో ఎకరానికి నాలుగు క్వింటాళ్ల గోధుమ పండుతూనే ఉంది. చూడ్డానికి సిగ్గుపడాల్సిన పైరు అది. కానీ పక్క మడిలో ఎక్కువ పండింది అనాలంటే, దేనికన్నా ఎక్కువ అన్న ప్రశ్నకు జవాబు ఆ బక్క పైరే.

1919లో రొనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో కొలువుకు చేరాడు. ఒక మడి వదిలితే చాలదు, ఏ మడి వదలాలో మనిషి ఎంచుకోకూడదు అన్నాడు. ఈ మాట మన వరి రైతుకు విడమరచి చెప్పక్కర్లేదు. తూము దగ్గరి మడికీ చివరి మడికీ నీరు, ఒండ్రు, ఎరువు ఒక్క తీరుగా అందవు. మంచి మడి ఏదో రైతుకు పుట్టుకతోనే తెలుసు, కంపెనీ మనిషికి గంటలో తెలిసిపోతుంది. మోసం చేసే ఉద్దేశం లేకపోయినా చెయ్యి మంచి మడి వైపే పోతుంది. అందుకే చీటీలు రాసి తీయాలి. ఒక్కసారి కాదు, వేర్వేరు చోట్ల జతలు జతలుగా మడులు పెట్టి, ప్రతి జతలోనూ చీటీ తీయాలి.

ఎన్ని జతలు? నీళ్లు నింపిన డబ్బాకు కూడా ఒక జతలో గెలిచే అవకాశం సగానికి సగం. మూడింటికి మూడూ గెలవాలంటే ఎనిమిదింట ఒకటి. ఇది తక్కువేం కాదు. 80 ఊళ్లలో మూడేసి జతలు పెడితే, అందులో ఉన్నవి నీళ్లే అయినా సగటున పది ఊళ్లలో మూడింటికి మూడూ గెలుస్తాయి. షామియానా ఆ పది ఊళ్లలోనే లేస్తుంది. మిగతా 70 ఊళ్ల సంగతి ఎవరూ అడగరు.

పద్ధతిగా చేసిన ప్రయోగాన్ని కూడా తప్పుగా చదవొచ్చు. పరిశోధన కేంద్రాల పట్టికల్లో కొన్ని గడుల్లో 'ఎన్‌ఎస్' అని ఉంటుంది. కనబడిన తేడా కాకతాళీయంగానూ వచ్చి ఉండొచ్చని దానర్థం. దాన్ని చూసి 'ఈ మందు పని చేయదని తేలింది' అని రాసేవాళ్లున్నారు, మా పత్రికల వాళ్లతో సహా. వడ్లు తూచే కాంటా మీద తులం బంగారం పెడితే ముల్లు కదలదు. అంతమాత్రాన బంగారం లేనట్టా? మడులు తక్కువైనా, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా చిన్న తేడాను పట్టే శక్తి ఆ ప్రయోగానికి ఉండదు.

చిన్న మడిలో నిజమైనది ఊరంతా పరుచుకున్నాక నిజం కాకపోవడం మరో సంగతి. పురుగును చంపే జన్యువును గింజలోనే చేర్చిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువులది 2006లో. పరీక్షల్లో అది కాయతొలుచు పురుగును ఆపిన మాట నిజమే. అయితే ఆ పరీక్ష మడుల చుట్టూ ఉన్నది మామూలు పత్తి. తర్వాత పరకాల నుంచి ఆదిలాబాద్ దాకా ఎటు చూసినా బీటీయే. పురుగుకు వేరే తిండి లేకుండా చేస్తే ఏమవుతుందో కొన్ని సీజన్ల పరీక్షలో ఎట్లా కనబడుతుంది? కాయతొలుచు పురుగుల్లో ఒకటైన గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకోవడం నేర్చుకుంది. పరీక్ష అబద్ధమాడలేదు, దాన్ని అడిగిన ప్రశ్న వేరు. ఆ ముప్పు ఊహించే, గట్టు వెంట వేయమని ప్యాకెట్‌తోపాటు బీటీ కాని గింజలు ఇచ్చారు. వాటిని పారేసిన చేలు నేనెన్నో చూశాను.

2021లో మిరప మీద నల్ల తామర పురుగు విరుచుకుపడ్డప్పుడు రైతులు ఒకే ట్యాంకులో మూడు నాలుగు మందులు కలిపి కొట్టారు. కొందరి తోటల్లో పురుగు తగ్గింది. ఏ మందుకు తగ్గింది? గట్టి వాన పడ్డా తామర పురుగులు కొట్టుకుపోతాయి. పురుగు ఉధృతి బాగా పెరిగినప్పుడే ఎవరైనా మందు కొడతారు కాబట్టి, ఆ తర్వాత దానంతటది తగ్గినా పేరు మందుకే వస్తుంది. ఒక కౌలు రైతును అడిగాను, నాలుగు సాళ్లు కొట్టకుండా వదిలితే తెలిసేది కదా అని.

"నాలుగు సాళ్లు ఇడిసిపెడితే అండ్లకెల్లి పురుగు మళ్ల తోటంత పాకదా సార్? పాకకున్నా, ఆ నాలుగు సాళ్ల నష్టం ఎవలిస్తరు?"

మొదటి ప్రశ్న శాస్త్రవేత్తలకూ తలనొప్పే. పక్కపక్క మడులు ఒకదాన్నొకటి చెడగొట్టకుండా మధ్యలో ఖాళీ వదలాలి, అంటే ఇంకా భూమి కావాలి. రెండో ప్రశ్నకు మాత్రం లెక్క ఉంది. సాలుకూ సాలుకూ మధ్య మూడడుగులుంటే ఎకరంలో నాలుగు సాళ్లంటే రెండు గుంటల పైచిలుకు. ఎకరానికి 20 క్వింటాళ్ల ఎండుమిర్చి వచ్చే తోటలో అది క్వింటా పైమాట. లాస్ తన ఎస్టేటులో తన డబ్బుతో ఆ పట్టీ వదిలాడు. కౌలు భూమిలో ఆ క్వింటా రైతు మీద పడకూడదు. ఊళ్లో మందుకు ప్రదర్శన పెట్టేవాళ్లు నాటక ముందే అందరి ఎదుట చీటీ తీసి, కొట్టని సాళ్లు ఏవో చెప్పి, ఆ సాళ్లలో తగ్గిన మిర్చికి వరంగల్ ఏనుమాముల మార్కెట్ ధర కట్టివ్వాలి. షామియానాకూ, భోజనాలకూ పెట్టే ఖర్చులో అదేమంత పెద్దది కాదు.