తెర మీద రంగులు చూసి మోసపోవద్దు

హాల్లో స్పీకర్లు ఎక్కడ పెడితే శబ్దం ఎలా వినిపిస్తుందో కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టి రంగుల్లో చూపించే సిమ్యులేషన్ మీద వచ్చిన వ్యాసం చదివాను. తెర మీద హాలంతా ఒకే రంగు వస్తే ప్రతి సీటుకీ ఒకేలా వినిపిస్తుందని ఆ వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. ఆ రంగుల మ్యాపు చాలాసార్లు స్పీకర్ నుంచి నేరుగా వచ్చే శబ్దాన్నే చూపిస్తుంది. వెనక గోడకి కొట్టుకుని తిరిగొచ్చేది కూడా కావాలంటే గోడలు, సీలింగు, కుర్చీలు దేనితో చేశారో విడిగా ఇవ్వాలి. ఒకసారి నేను బాల్కనీ అంచు గీయడం మర్చిపోయాను. తెర మీద అంతా బ్రహ్మాండం. తీరా చూస్తే బాల్కనీ కింద చివరి వరసల్లో 'స', 'శ' అక్షరాలే సరిగా వినపడలేదు!

అలాగని ఇదంతా దండగ అనను. డిలే స్పీకర్ల (వెనక కూర్చున్నవాళ్ల కోసం స్టేజికి దూరంగా పెట్టే స్పీకర్ల) లెక్కకి ఇది చాలా పనికొస్తుంది. 34 మీటర్లు వెళ్లడానికి శబ్దానికి సుమారు 100 మిల్లీసెకన్లు పడుతుంది. అంత దూరంలో పెట్టిన స్పీకర్‌ని ఆ మేరకు ఆలస్యం చేయకపోతే అక్కడ కూర్చున్నవాళ్లకి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. సబ్‌వూఫర్ల (బేస్, అంటే బాగా కింది స్థాయి శబ్దాలు వినిపించే స్పీకర్ల) సంగతి మాత్రం వ్యాసంలో ఒక్క ముక్క లేదు. స్టేజికి చెరో పక్కన పెడితే మధ్యలో గుండెలు దద్దరిల్లుతాయి, నాలుగడుగులు పక్కకి జరిగితే కొన్ని బేస్ నోట్లు మాయం. ఖాళీ హాలుకి, జనంతో నిండిన హాలుకి ఉండే తేడా గురించి కూడా రాయాల్సింది.