మధ్యాహ్నం పన్నెండుకు పనికిరాని నూరు ఇంచులు

"ఏమిరా ఇది, స్వామి మొగమే కనపడ్లా!"

ప్రొజెక్టర్ ఇంటికొచ్చిన మరుసటి రోజు మధ్యాహ్నం మా అమ్మ అన్న మాట ఇది. టీటీడీ వాళ్ళ ఎస్వీబీసీ ఛానెల్లో శ్రీవారి కల్యాణోత్సవం లైవ్ వస్తోంది. అమ్మ కొండ మీద కల్యాణం చేయించింది ఒక్కసారే గానీ, టీవీలో మాత్రం రోజూ పన్నెండు గంటలకు కూర్చుంటుంది. మలయప్ప స్వామి, ఇద్దరు అమ్మవార్లు, పూలదండలు అన్నీ కలిసి మా హాల్ గోడ మీద నీళ్ళమజ్జిగలా పలచగా తేలుతున్నాయి. కిటికీలు మూశాను. వాటి మీద దుప్పట్లు కట్టాను. తిరుపతి బైరాగిపట్టెడలో ఇల్లు, మే నెల. స్వామి కొంచెం కనపడ్డాడు, మాకు మాత్రం ఊపిరాడలేదు.

"ఈ కాలంలో టీవీ ఎవరు కొంటారండీ, ప్రొజెక్టర్ తీసుకోండి" అని రీల్స్‌లో చెప్పేవాళ్ళను బాగా గమనించండి. అందరూ రాత్రిపూట, ఏసీ గదిలో, తలుపేసుకుని సినిమా చూసేవాళ్ళే. మన ఇళ్ళల్లో టీవీ బతుకు అది కాదు. తెల్లవారుజామున సుప్రభాతంతో మొదలవుతుంది. అమ్మ పూలు కడుతూ చూస్తుంది, మా ఆవిడ వంటింట్లోంచి వింటుంది, నేను షర్టు గుండీలు పెట్టుకుంటూ స్కోరు చూసి వెళ్ళిపోతాను. ఈ చాకిరీ ప్రొజెక్టర్ చేయలేదు. చేయలేనిదాన్ని టీవీకి బదులు అని అమ్ముతున్నారే, నా కోపమంతా దాని మీదే.

మరి నువ్వెందుకు కొన్నావయ్యా అంటారా? థియేటర్ పిచ్చి. లీలామహల్ సర్కిల్ అని ఒక కూడలికే థియేటర్ పేరున్న ఊరు మాది. 43 ఇంచుల టీవీ పక్కన నూరు ఇంచుల బొమ్మ పెడితే విస్తీర్ణం ఐదు రెట్ల పైనే. ధర చూస్తే 17 వేలు, టీవీ కంటే తక్కువ. ఆశ పుట్టదా?

ప్రొజెక్టర్ ఎంత వెలుతురు ఇస్తుందో చెప్పే కొలత ల్యూమెన్స్. అట్టపెట్టె మీద 9000 ల్యూమెన్స్ అని బొద్దు అంకెలు. ఒక మూల, చీమ తలకాయంత అక్షరాల్లో, 300 ఆన్సీ ల్యూమెన్స్. తెర మీద తొమ్మిది చోట్ల వెలుతురు కొలిచి, సగటు తీసి, తెర విస్తీర్ణంతో గుణిస్తే వచ్చేది ఈ ఆన్సీ అనే ప్రమాణం లెక్క. పట్టించుకోవాల్సింది దాన్నే. పెద్దంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పెట్టె అచ్చేసినవాడికే తెలియాలి. 300 ల్యూమెన్స్‌ను నూరు ఇంచుల తెల్లగోడ మీద పరిస్తే దాదాపు 35 నిట్స్ వెలుతురు వస్తుంది (తెర మన కంటికి ఎంత మెరుస్తుందో చెప్పే కొలత నిట్స్). మామూలు ఎల్‌ఈడీ టీవీలే సాధారణంగా 250 నిట్స్ దాకా ఇస్తాయి. చారెడు నెయ్యి పెళ్ళి పంక్తి అంతటికీ వడ్డించినట్టుంది వ్యవహారం. పైగా ప్రొజెక్టర్‌కు నలుపు వేయడం చేతకాదు. వెలుతురు పడనిచోటే నలుపు అనుకోవాలి. పగటిపూట అక్కడ కనపడేది గోడ రంగే. మాది లేత ఆకుపచ్చ గోడ. విలన్ నుంచి న్యూస్ రీడర్ దాకా అందరికీ కామెర్లు.

4కె సపోర్ట్ అనేది ఇంకో మాయ. 4కె వీడియో ఇస్తే తీసుకుంటుంది, చూపించేది మాత్రం తన ప్యానెల్‌కు ఉన్నంతే. నాదాంట్లో ఉన్నది 1080పీ, అంటే 4కెలో నాలుగోవంతు చుక్కలే.

పెట్టే చోటు గురించి ముందు ఆలోచించనేలేదు. నా మోడల్‌కు నూరు ఇంచుల బొమ్మ రావాలంటే గోడకు దాదాపు తొమ్మిది అడుగుల దూరం కావాలి. అంటే సరిగ్గా మా హాల్ నట్టనడుమ, వంటింటికి వెళ్ళే దారిలో. మా ఆవిడ కాఫీ గ్లాసులతో దాటిన ప్రతిసారీ క్లైమాక్స్ మీద ఆమె నీడ. పక్కకు జరిపి, వంకర బొమ్మను సరిచేసే కీస్టోన్ సెట్టింగ్‌తో సర్దితే బొమ్మ చదరంగా వస్తుంది గానీ, లోపల పిక్సెళ్ళు కొన్ని వృథా అయి అక్షరాలు మసకబారతాయి. సౌండ్ గురించి చెప్పను. బ్లూటూత్ స్పీకర్ కలిపితే హీరో పెదాలు ముందు, మాట వెనక.

నాలుగు నెలలకు తెర మీద బూడిదరంగు మచ్చ వచ్చింది. లోపలికి దుమ్ము పోయిందట. ఏ సినిమా పెట్టినా సరిగ్గా హీరోయిన్ బుగ్గ దగ్గర దిష్టిచుక్క. కంపెనీకి ఫోన్ చేస్తే చెన్నైకి పంపాలన్నారు, కొరియర్ ఖర్చు నాదేనన్నారు. టీవీ పాడైతే కొర్లగుంట నుంచి మెకానిక్ స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇంటికే వస్తాడు.

2025 సెప్టెంబర్ 22న 32 ఇంచులు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అదే సాకుగా 43 ఇంచుల టీవీ తెచ్చి గోడకు బిగించేశాం. రేణిగుంట పక్కన వికృతమాలలో టీవీలు తయారవుతున్న జిల్లాలో ఉంటూ నేను ఆన్‌లైన్‌లో ప్రొజెక్టర్ వెతుక్కోవడమేంటో! అమ్మ మొదటిరోజు స్వామి నగలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి మరీ చూసుకుంది.

అలాగని ప్రొజెక్టర్‌ను పారేయమనను. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రాత్రి మా మిద్దె మీద మెట్లగది గోడకు సున్నం కొట్టించి లైవ్ పెట్టాను. చీకటి, చల్లగాలి, ఎనిమిదడుగుల గోడ నిండా గరుడ వాహనం. కింద వాటా వాళ్ళు, వీధిలో నలుగురైదుగురు, పిల్లలు అందరూ చాపలు తెచ్చుకున్నారు. స్వామి ముందుకు కదలగానే గోవిందనామాలు మొదలయ్యాయి. పక్కింటి పెద్దావిడ లేచి కర్పూరం వెలిగించి గోడకు హారతిచ్చింది. ఆ మచ్చ ఏ మూలన ఉందో ఎవరూ చూడలేదు, నేను కూడా. అదే బొమ్మ 43 ఇంచుల్లో అయితే ఆవిడ కూర్చున్నచోటు నుంచే దండం పెట్టేది.

పగలంతా ఇంట్లో మనుషులుంటే, హాల్‌లోకి వెలుతురు వస్తుంటే టీవీనే కొనండి. ఒంటరి గది ఉండి, రాత్రుళ్ళు మాత్రమే చూసే కుర్రాళ్ళైతే మీ ఇష్టం. ఆన్సీ అంకె చూసి కొనుక్కోండి.

నాది ఇప్పుడు అటక మీద డబ్బాలో ఉంది. మా బావమరిది సగం ధరకు ఇమ్మంటున్నాడు. వాళ్ళ హాల్‌కు ఎన్ని కిటికీలో చూశాక చెప్తానన్నాను.