కస్టమర్ దేవుడే, అందుకే గర్భగుడిలో ఉంచాలి

కస్టమర్ దేవుడని అనని కంపెనీ లేదు. గోడ మీద రాస్తారు, మెయిల్లో సంతకం కింద రాస్తారు. అదేదో మాటవరసకు అన్నదని నవ్వేవాళ్లు దాని లోతు ఎరగరు. దేవుడు ఎంతసేపైనా నిలబడతాడు. మనం పాడిందే వింటాడు. తలుపు తీసే వేళ, మూసే వేళ మన చేతిలో ఉంటాయి. అన్నిటికీ మించి, ఎదురు మాట్లాడడు. ఈ నాలుగు సుగుణాలనూ క్లయింట్‌లో పెంపొందించడమే ఆదరణ శాస్త్రం.

ముందు ఫోను సంగతి చూద్దాం. ఇందులో లెక్క తెలియకపోతే పొరపాటున మంచి జరిగిపోయే ప్రమాదం ఉంది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితవేత్త 1909లోనే ఈ దారి చూపించాడు, ఆయన పేరు మీది సూత్రాలనే నేటికీ కాల్ సెంటర్లు వాడుతున్నాయి. గంటకు 100 కాల్స్, ఒక్కోటి 6 నిమిషాలు అనుకోండి. మొత్తం 600 నిమిషాల పని, అంటే 10 మందికి ఊపిరాడని పని. సరిగ్గా 10 మందినే కూర్చోబెడితే క్యూ పెరుగుతూనే పోతుంది, ఎందుకంటే కాల్స్ వరసలో రావు, గుంపుగా వస్తాయి. 11 మందిని పెడితే సగటు నిరీక్షణ 4 నిమిషాలు. అదే 14 మందిని పెడితే 16 సెకన్లు! 80 శాతం కాల్స్ 20 సెకన్లలో ఎత్తాలనే పాత కొలమానం కూడా అక్కడే దాటిపోతుంది.

అంటే మర్యాదకూ అమర్యాదకూ మధ్య ఉన్నది ముగ్గురు మనుషులు. ముగ్గురికి నెలనెలా జీతాలు. వాళ్లకు బదులు "మీ కాల్ మాకు ఎంతో విలువైనది" అని తియ్యటి గొంతుతో ఒక్కసారి రికార్డు చేయిస్తే చాలు, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. దానికి "ప్రస్తుతం మామూలుకన్నా ఎక్కువ కాల్స్ వస్తున్నాయి" అన్నది తగిలించండి. పొద్దున, మధ్యాహ్నం, అర్ధరాత్రి కూడా మామూలుకన్నా ఎక్కువే. మరి మామూలు ఎప్పుడుంటుందని అడగడానికి అవతల మనిషి ఉండాలి కదా.

హోల్డ్‌లో సంగీతం తప్పనిసరి. దీని పుట్టుకే ఒక రిపేరు. ఆల్ఫ్రెడ్ లెవీ అనే ఫ్యాక్టరీ యజమాని దగ్గర ఒక తీగ ఊడి ఇనుప దూలానికి తగిలితే, పక్కనున్న రేడియో స్టేషన్ పాటలు ఫోన్ లైన్లోకి వచ్చాయట. ఆయనకు 1966లో పేటెంటే వచ్చింది. లోపాన్ని మర్యాదగా మార్చిన ఆ మహానుభావుడి బాటలోనే మనం నడుస్తున్నాం. మామూలు ఫోన్ లైను మోసేది దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య ధ్వనినే. అది మనిషి మాటకు కుట్టిన చొక్కా. అందులో వాద్యబృందాన్ని దూరిస్తే బొంగురుపోయి, మధ్యమధ్య తెగి, బావిలోంచి వినిపించినట్టు ఉంటుంది. కాబట్టి సంగీతం ఎంత భారీగా ఉంటే అంత మంచిది. ప్రతి 30 సెకన్లకూ దాన్ని ఆపి ప్రకటన వేయండి. పాట ఆగిన ప్రతిసారీ క్లయింట్ "హలో" అంటాడు. ఆ ఆశ కల్పించగలగడం చిన్న విద్య కాదు.

ఎంతసేపు పడుతుందో మాత్రం చెప్పకండి. ఎంతసేపో తెలియని నిరీక్షణ, కారణం చెప్పని నిరీక్షణ ఉన్నదానికన్నా ఎక్కువగా అనిపిస్తాయని 1985లోనే డేవిడ్ మైస్టర్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు రాశాడు. "మీ ముందు ఏడుగురున్నారు, లైను పెట్టేసినా వరస పోదు, మేమే తిరిగి చేస్తాం" అంటే మనిషి హాయిగా తన పని చూసుకుంటాడు. అలా అలవాటు చేస్తే రేపు ఇంకేం అడుగుతాడో.

మెయిల్ దగ్గరికి వస్తే ఆత్మీయతంతా పేరులోనే ఉంది. "ప్రియమైన ఫస్ట్‌నేమ్ గారికి" అని వెళ్లిందంటే టెంప్లేటుకూ జాబితాకూ మధ్య కాలమ్ పేరు కలవలేదన్నమాట. పేరు గడి ఖాళీగా ఉంటే "ప్రియమైన, గారికి" అని వెళుతుంది. మొదటి గడిలో ఇంటిపేరు పొడి అక్షరం ఉంటే "ప్రియమైన కె". పంపే ముందు ఖాళీ గడులకు బదులు మాట ఒకటి పెట్టి, జాబితాలోంచి ఓ పది వరసలు ఏరి, మనకే పంపుకుని చూస్తే పావుగంటలో ఇవన్నీ దొరుకుతాయి. అంత తీరిక ఎవరికుంది? పుట్టినరోజు శుభాకాంక్షలు మరీ ముచ్చటైనవి. తేదీ లేనిచోట సున్నా పడితే చాలా కంప్యూటర్లు దాన్ని 1970 జనవరి 1గా చదువుతాయి. అలా వేలమంది క్లయింట్లకు ఒకే రోజు పుట్టినరోజు చేసిన పుణ్యం దక్కుతుంది. కింద మరవకుండా "ఈ మెయిల్‌కు జవాబు ఇవ్వకండి" అని రాయాలి. కడుపులో లేని ప్రేమ కౌగిలించుకుంటే వస్తుందా అన్నారు పెద్దలు. వాళ్లకు ఆటోమేషన్ తెలియదు.

ఇక టికెట్, అంటే ఫిర్యాదుకు నంబరు వేసి తెరిచే ఖాతా. మన శాస్త్రానికి శిఖరం ఇదే, కాస్త నెమ్మదిగా చదవండి. ఫిర్యాదు అందిన 4 గంటల్లో మొదటి స్పందన ఇస్తామని ఒప్పందంలో ఉంటుంది. పరిష్కారం అనలేదు, స్పందన అన్నాం. కాబట్టి 3 గంటల 50వ నిమిషంలో "దయచేసి స్క్రీన్‌షాట్ పంపగలరు" అని రాయాలి. క్లయింట్ మొదటి మెయిల్లోనే అది పంపి ఉంటాడు, అయినా పర్వాలేదు. రాయగానే టికెట్ స్థితిని "కస్టమర్ కోసం నిరీక్షణ"కు మార్చాలి. గడియారం అక్కడ ఆగిపోతుంది. ఇప్పుడు ఆలస్యం మనది కాదు, ఆయనది. మూడు రోజులు ఆయన పలక్కపోతే టికెట్ దానంతటదే మూసుకుంటుంది. పలికితే తర్వాతి షిఫ్ట్ వాళ్లకు బదిలీ అవుతుంది, వాళ్లు "మీ సమస్య ఏమిటో మొదటినుంచి వివరించగలరా" అంటారు. పైవాళ్లకు వెళ్లే రిపోర్టులో అంతా పచ్చగా ఉంటుంది. దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఒకే టికెట్ ఎన్నిసార్లు తిరిగి తెరుచుకుంది, ఎన్ని చేతులు మారింది అని రెండు కాలమ్‌లు కలిపితే బయటపడుతుంది. అందుకే ఆ రెండు కాలమ్‌లూ ఉండవు.

క్లయింట్ బాగోగులు చూసే అకౌంట్ మేనేజర్లను తరచూ మార్చడం కూడా ఈ కోవలోదే. వెళ్లేవాడు వచ్చేవాడికి ఒక్క పేజీ రాసిస్తే సరిపోతుంది. క్లయింట్ ఏం కొన్నాడు, మనం నోటిమాటగా ఏం ఒప్పుకున్నాం, ఎక్కడ మాట తప్పాం, ఆయనకు ఫోన్ ఇష్టమా మెయిల్ ఇష్టమా, అంతే. రెండోదీ మూడోదీ రాతలో పెట్టడానికి ఎవరి చెయ్యీ రాదు గనుక ఆ పేజీ పుట్టదు. కొత్తవాడు "మీ గురించి తెలుసుకోవాలని ఉంది" అంటూ మొదలుపెడతాడు. పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అన్నట్టు క్లయింట్ తన కథ నాలుగోసారి చెబుతాడు.

చివరన సర్వే. "మమ్మల్ని మీవాళ్లకు సిఫారసు చేస్తారా, 0 నుంచి 10" అనే ప్రశ్నను 2003లో రైక్‌హెల్డ్ అనే వ్యాపార సలహాదారు ప్రచారంలోకి తెచ్చాడు. 9, 10 ఇచ్చినవాళ్లు మెచ్చినవాళ్లు. 6, అంతకు తక్కువ ఇచ్చినవాళ్లు నొచ్చినవాళ్లు. మొదటి శాతంలోంచి రెండోది తీసేస్తే స్కోరు. 7, 8 ఇచ్చినవాళ్లు ఎటూ చేరరు. పదిమందిలో ఐదుగురు మెచ్చి, ముగ్గురు నొస్తే స్కోరు 20. ఇక్కడ కొంప మునిగి 0 ఇచ్చినవాడూ, కాస్త చిరాకుపడి 6 ఇచ్చినవాడూ ఒకటే. కాబట్టి క్లయింట్ల బాధ తగ్గించనక్కర్లేదు, సర్వే ఎవరికి పంపాలో తెలిస్తే చాలు. పని అయినవాళ్లకే పంపండి. "9 ఇచ్చినా పర్లేదుగానీ సార్, 8 ఇస్తే నా ఇన్సెంటివ్ పోతుంది" అని ఉద్యోగి చేత చెప్పించండి. జాలికి పుట్టిన 10 కూడా స్లైడ్ మీద 10 లాగే కనిపిస్తుంది.

ఇంత చేసినా కొందరు వెళ్లిపోతామంటారు. పొమ్మనలేక పొగబెట్టింది మనమేనని గ్రహిస్తారు కాబోలు. వాళ్లకోసం మెనూలో "సేవలు రద్దు చేసుకోవడానికి" అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే మొదటి రింగుకే ఫోన్ ఎత్తుతారు. పాట ఉండదు. పేరు తప్పు పోదు. నాలుగుసార్లు చెప్పిన కథ అవతలివాళ్ల స్క్రీన్ మీద తేదీలతో సహా ఉంటుంది, స్క్రీన్‌షాట్ కూడా. తగ్గింపు ఇస్తారు, క్షమాపణ చెబుతారు, ఇన్నాళ్లూ తెగని సమస్యను పది నిమిషాల్లో తెంపుతారు. క్లయింట్ మెత్తబడి, సరే ఉంటానంటాడు. ఆ మాట అన్న మరుక్షణం ఆయన మళ్లీ మామూలు జాబితాలోకి వెళతాడు. మర్నాడు పొద్దున్నే మెయిల్ వస్తుంది. "ప్రియమైన ఫస్ట్‌నేమ్ గారికి, మా కుటుంబంలోకి స్వాగతం."