డెల్టాయిడ్ లిగమెంటులోని రెండు పొరల గురించి
చీలమండ లోపలివైపు ఎముకలను కలిపి ఉంచే డెల్టాయిడ్ లిగమెంటును, నేను చదివిన ఒక వ్యాసంలో రచయిత ఒకే త్రికోణపు పట్టీగా వర్ణించి ముగించారు. దాని పనితనమంతా రెండు పొరల తేడాలోనే ఉందని నా అభిప్రాయం. పై పొర, వేలితో తడిమితే తెలిసే టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) లోపలి గుబ్బ నుంచి విసనకర్రలా విచ్చుకుని, పాదం లోపలివైపున్న నావిక్యులర్ ఎముక, మడమ ఎముక, టిబియా కింద కూర్చునే టాలస్‌లతో పాటు పాదపు వంపును మోసే స్ప్రింగ్ లిగమెంటుకూ అతుక్కుంటుంది. అందులో అధికభాగం చీలమండ కీలునే కాక దాని కింది కీలును కూడా దాటి వెళ్తుంది కనుక, మడమ బయటివైపుకు ఒరిగిపోకుండా ఆపడం ప్రధానంగా దీని బాధ్యత. లోతు పొర పొట్టిది, మందమైనది. నేరుగా టాలస్‌కే చేరుతుంది. మొత్తం సముదాయంలో అన్నిటికన్నా బలమైనది దాని వెనుక భాగమే. టాలస్ బయటివైపుకు జరగకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచేది ముఖ్యంగా ఈ పొరే.

బయటివైపు లిగమెంట్లు తరచూ బెణుకుతాయి గానీ ఇది అంత తేలిగ్గా తెగదు. ఒక్కోసారి లిగమెంటు నిలిచి, గుబ్బే విరుగుతుంది. ఇలా లోపలివైపూ దెబ్బతిని ఉండొచ్చు కనుక, ఫిబులా (కాలి బయటివైపు ఉండే సన్నని ఎముక) విరిగినప్పుడు లోపలివైపును కూడా పరీక్షించాలన్న మాట వ్యాసంలో తప్పక ఉండాల్సింది. అక్కడ వాపు, నొప్పి ఉన్నంత మాత్రాన లోతు పొర తెగిందని నిర్ధారించలేం. వీలైన చోట పాదంపై బరువు మోపి తీసిన ఎక్స్‌రేలో టాలస్‌కూ ఆ గుబ్బకూ మధ్య ఖాళీ పెరిగిందా లేదా అన్నది చూడాలి.