అవసరం ఉన్నవాడే కంపెనీని ముందు చూసుకోవాలి

నెల రోజులుగా మా హన్మకొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. డిగ్రీ, బీటెక్ పిల్లల గ్రూపుల్లోనూ ఉంది, వాళ్ల తల్లిదండ్రుల గ్రూపుల్లోనూ ఉంది. అందులో ఉన్నది ఇదీ: "ఉద్యోగం లేనివాడు కంపెనీని అనుమానించొద్దు. డిపాజిట్ అడిగితే అది సీరియస్ కంపెనీ అని అర్థం. బాండ్ రాయించుకోవడం, సర్టిఫికెట్లు పెట్టుకోవడం అన్నిచోట్లా మామూలే. జీతం, పీఎఫ్ గురించి అడిగితే ఆఫర్ పోతుంది. ముందు చేరు. నచ్చకపోతే ఆరు నెలలకు మానెయ్, ఎక్స్‌పీరియన్స్ అయినా మిగులుతుంది."

నయీంనగర్‌లో పన్నెండేళ్లుగా ఇంటర్నెట్, జిరాక్స్ సెంటర్ నడుపుతున్నాను. రెజ్యూమెలు టైప్ చేసేదీ, ఆఫర్ లెటర్లు ప్రింట్ తీసేదీ నేనే. ఈ మెసేజ్‌లోని మాటలు నమ్మి నష్టపోయినవాళ్లు నా కౌంటర్ ముందు నిలబడటం చూశాను. అందుకే ఒక్కోదానికీ జవాబు చెప్తాను.

ముందు డిపాజిట్ సంగతి. జీతం కంపెనీ ఇస్తుంది, మనం తీసుకుంటాం. డబ్బు ఎదురు నడిచిందంటే అక్కడ దొరికేది ఉద్యోగం కాదు. దానికి రకరకాల పేర్లు పెడతారు: రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఛార్జీ, వెరిఫికేషన్ ఫీజు. "మొదటి జీతంతో కలిపి తిరిగి ఇస్తాం" అని కూడా అంటారు. టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటి పెద్ద కంపెనీలు ఉద్యోగానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోమని తమ వెబ్‌సైట్లలోనే రాసిపెట్టాయి.

మొన్న వేసవిలో పరకాల వైపు నుంచి ఒక పిల్లగాడు పరుగున వచ్చాడు. "అన్నా, జల్ది కలర్ ప్రింట్ తియ్యవా. ఇయ్యాల సాయంత్రంలోపు ఇరవై అయిదు వేలు కడితేనే సీటు ఉంటదట. బాపు ఎనుమాములల మిర్చి అమ్మిన పైసలు తెచ్చిన" అన్నాడు. లెటర్ తెరిచి చూశాను. పైన పెద్ద కంపెనీ లోగో, అదీ మసకగా ఉంది. పంపిన మెయిల్ ఐడీ మాత్రం జీమెయిల్. ఏ ఊళ్లో, ఏ ఆఫీసులో చేరాలో రాయలేదు. ఏడాదికి ఇన్ని లక్షలని ఒక్క అంకె ఉంది, అందులో ఏది ఎంతో లేదు. ఇంటర్వ్యూ ఎట్ల అయిందని అడిగితే, వాట్సాప్‌లోనే పది నిమిషాల చాటింగ్ అన్నాడు. లెటర్ మీది నంబరుకు చేయొద్దని చెప్పి, ఆ కంపెనీ అసలు వెబ్‌సైట్ తెరిచి అందులోని నంబరుకు ఫోన్ చేయించాను. అలాంటి లెటర్ తాము ఇవ్వలేదన్నారు. పిల్లగాడు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

ఆ "సాయంత్రంలోపు" అన్న మాట గుర్తు పెట్టుకోండి. నిజమైన కంపెనీకి కూడా తొందర ఉంటుంది. కానీ ఇంట్లో అడిగి రేపు చెప్తానంటే ఒక్క రోజు ఆగుతుంది. నలుగురితో మాట్లాడే టైమ్ ఇస్తే బయటపడతామన్న భయం ఉన్నవాళ్లే గంటల్లో గడువు పెడతారు.

గల్ఫ్‌కు, ఇతర దేశాలకు వెళ్లేవాళ్ల విషయంలో డబ్బు లెక్క కొంచెం వేరు. లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ సర్వీస్ ఛార్జీ తీసుకోవచ్చు. దానికి పరిమితి 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. విజిట్ వీసా మీద పంపి అక్కడికి పోయాక మారుస్తాం అంటే అక్కడే ఆగండి. డేటా ఎంట్రీ, కంప్యూటర్ ఉద్యోగమని నమ్మించి కంబోడియా తీసుకెళ్లి, సైబర్ మోసాలు చేయించే చోట బంధించారని మన ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచే కేసులు వచ్చాయి.

"బాండ్, సర్టిఫికెట్లు మామూలే" అన్నది రెండు వేర్వేరు విషయాలను ఒక గాటన కట్టిన మాట. బాండ్ గురించి గ్రూపుల్లో ఇంకో మాట కూడా తిరుగుతోంది, అది కోర్టులో చెల్లదు కాబట్టి భయపడకుండా సంతకం పెట్టేయమని. అదీ తప్పే. ఉద్యోగం మానేశాక ఇలాంటి పని ఇంకెక్కడా చేయకూడదని రాయించుకుంటే, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు. కానీ ఇన్నేళ్లు చేస్తాను, మధ్యలో మానేస్తే ఇంత కడతాను అన్న షరతు వేరు. విజయా బ్యాంక్ కేసులో మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ ఉన్నది ప్రభుత్వ రంగ బ్యాంకు, పద్ధతి ప్రకారం జరిగిన నియామకం. నెలకు 12,000 ఇచ్చి, ఏ ట్రైనింగూ ఇవ్వకుండా, మానేస్తే మూడు లక్షలు కట్టమనే చిన్న ఆఫీసును దాంతో పోల్చలేం. అయినా సంతకం చేశాక పోట్లాట మనదే, లాయర్ ఫీజూ మనదే. అందుకే ముందు కాపీ అడిగి ఇంటికి తెచ్చుకుని చదవండి. కాపీ ఇవ్వం, ఇక్కడే సంతకం పెట్టమంటే ఇంక ఆలోచించాల్సిన పని లేదు.

ఒరిజినల్ సర్టిఫికెట్ల విషయంలో మాత్రం నాకు రెండో మాట లేదు. చూసి, జిరాక్స్ తీసుకుని, అప్పుడే తిరిగి ఇవ్వాలి. 2016లో మా తమ్ముడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో చేరాడు. టెన్త్ మెమో నుంచి డిగ్రీ ప్రొవిజనల్ దాకా అన్నీ తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. ఎనిమిది నెలలకు మానేస్తానంటే 60,000 కట్టి తీసుకుపొమ్మన్నారు. ఆ సమయంలోనే ఒక ప్రభుత్వ పోస్టుకు సర్టిఫికెట్ వెరిఫికేషన్ పిలుపు వచ్చింది. అప్పు పుట్టించి కట్టేసరికి ఆ తేదీ దాటిపోయింది. అమ్మ ఇప్పటికీ ఆ తేదీ చెప్తుంది. ఇది మామూలే అని రాసినవాళ్లు ఒక్కసారి మా ఇంటికి రావాలి.

"అడిగితే ఆఫర్ పోతుంది" అంటున్నారు. చేతికి ఎంత వస్తుంది, పని వేళలు ఏంటి, పీఎఫ్ ఉందా అని మర్యాదగా అడిగినందుకు పోయే ఆఫర్ పోనివ్వండి. ఏడాదికి 3 లక్షలంటే నెలకు 25,000 అని ఇంట్లో లెక్క వేసుకుంటారు. అందులోనే కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే భాగం కలిపి చూపిస్తారు. మన వాటా పీఎఫ్, వృత్తి పన్ను కూడా పోతే చేతికి పద్దెనిమిది, పంతొమ్మిది వేలే రావచ్చు. హైదరాబాద్‌లో హాస్టల్ కట్టి బతకాల్సిన పిల్లలకు ఆ తేడా చిన్నది కాదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నియామక పత్రం ఇవ్వడాన్ని తప్పనిసరి చేశాయి. కాబట్టి రాతపూర్వకంగా ఇవ్వమనడం పొగరు కాదు.

అడగకుండానే తెలుసుకోగలిగినవి కూడా ఉన్నాయి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ పేరు కొడితే ఎప్పుడు పెట్టారో, అడ్రస్ ఎక్కడో, ఇప్పుడు నడుస్తోందో లేదో తెలుస్తుంది. పీఎఫ్ వ్యవహారాలు చూసే ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో సంస్థ పేరుతో వెతకొచ్చు. ఒక్క మాట: 20 మంది లోపు పనిచేసే చోట పీఎఫ్ తప్పనిసరి కాదు, కాబట్టి హన్మకొండ చౌరస్తాలోని చిన్న షాపులో పీఎఫ్ లేదని దాన్ని దొంగ కంపెనీ అనకండి. కానీ "మా దగ్గర 200 మంది ఉన్నారు" అని చెప్పే కంపెనీ అందులో కనిపించకపోతే, ఎందుకో అడగాల్సిందే.

ఆఖరుది "ఎక్స్‌పీరియన్స్ అయినా మిగులుతుంది" అన్న మాట. పీఎఫ్ వర్తించే కంపెనీ అది కట్టకపోతే యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబరు) రికార్డులో ఆ ఆరు నెలలు ఉండవు. తర్వాతి కంపెనీ వెరిఫికేషన్‌లో చాలాసార్లు ఆ రికార్డే చూస్తుంది. చేతిలో లెటర్ ఉండి, ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేకపోతే మన మీదే అనుమానం వస్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆ ఆరు నెలలను రెజ్యూమెలోంచి తీసేయమని నాతోనే టైప్ చేయించుకున్నారు.

ఆ మెసేజ్‌లో సగం నిజం ఒకటుంది. అవసరం ఉన్నప్పుడు మరీ ఎంచుకుంటూ కూర్చోలేం. ఆఫీసు పాతగా ఉండటం, జీతం రెండు వేలు తక్కువ కావడం, మడికొండ ఐటీ పార్కులో కాకుండా గల్లీలో ఉండటం, ఇవేవీ ప్రమాద సూచనలు కావు. వాటికి సర్దుకోవచ్చు. కానీ రెండో ఛాన్స్‌కు ఇంట్లో డబ్బు లేనివాడే మొదటి ఛాన్స్‌ను ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి. డబ్బున్నవాళ్ల పిల్లలు 25,000 పోయినా మళ్లీ వెతుక్కుంటారు. పరకాల పిల్లగాడికి అవి ఒక పంట పైసలు.

ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి దాచకండి. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. చాట్లు డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదులు దగ్గర పెట్టుకోండి. అవి ప్రింట్ కావాలంటే నా దగ్గరకు రండి, వాటికి డబ్బు తీసుకోను.