సవరణ: ర్యాగింగ్ ఫిర్యాదు, పోలీసులు, 24 గంటల గడువు

కాలేజీల్లో కొత్త పిల్లల భద్రత గురించి మొన్న పెట్టిన పోస్టులో "ముందు కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి చెప్పాలి" అన్న వాక్యం ఉంది. కమిటీ విచారణ ముగిసేదాకా పోలీసుల దగ్గరికి వెళ్లకూడదేమోనని కొందరు తల్లిదండ్రులు అడిగారు. అలాంటి నిబంధన ఎక్కడా లేదు. ఆ వాక్యాన్ని "కమిటీకి చెప్పవచ్చు, నేరుగా పోలీసులకూ చెప్పవచ్చు" అని మార్చాను.

అసలు బాధ్యత కాలేజీ మీదే ఎక్కువ. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం, జరిగినది శిక్షార్హమైన నేరమని తేలితే, సమాచారం అందిన 24 గంటల్లోగా ప్రిన్సిపాలే ఎఫ్‌ఐఆర్ పెట్టించాలి. "మనలో మనం సర్దుకుందాం, పిల్లల భవిష్యత్తు పాడవుతుంది" అని ఎవరైనా నచ్చజెబితే ఈ గడువు గుర్తు చేయండి. దెబ్బలు తిన్న పిల్లవాడికీ భవిష్యత్తు ఉంది కదా!

మన రాష్ట్రాల్లో 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం కూడా ఉంది. తెలంగాణలోనూ అదే అమల్లో ఉంది. ఎగతాళి చేసి అవమానించినా దాని కింద శిక్ష పడుతుంది. కాబట్టి "కొట్టలేదుగా, సరదాకే" అన్న మాట చెల్లదు.

కాలేజీలో చెప్పడానికి భయమైతే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు.

ఇంకొకటి. లైంగిక వేధింపుల ఫిర్యాదు అంతర్గత ఫిర్యాదుల కమిటీకి వెళ్తుంది, అది వేరే కమిటీ. అక్కడ ఘటన జరిగిన 3 నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో 3 నెలలు పొడిగిస్తారు. ఈ రెండు కమిటీల్లోని సభ్యుల ఫోన్ నంబర్లు అడ్మిషన్ రోజునే రాసుకుని పిల్లలకు ఇవ్వండి.